మిర్చి కొట్టు పద్దులు గ్నూక్యాష్‌లో ఉన్నాయి, ఇప్పుడు ఈ-ఇన్వాయిస్ వచ్చి పడింది. దారి చెప్పండి

బ్రాడీపేట_లెక్కలు · సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. గుంటూరులో మూడు నాలుగు కొట్లకు పద్దులు రాస్తుంటాను. వాటిలో ఒకటి మిర్చి కొట్టు. యార్డులో కొంటారు, చెన్నై, బెజవాడ పార్టీలకు పంపుతారు. మూడేళ్ల కిందట నేనే పోరుపెట్టి వాళ్లను గ్నూక్యాష్ అనే ఉచిత పద్దుల సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాను. పైసా ఖర్చు లేదు, డెబిట్ క్రెడిట్ తేడా వస్తే ఊరుకోదు, పైగా మెనూలు తెలుగులో కనబడతాయి. కొట్టాయన దానికే సగం పడిపోయారు.

మొన్న చెన్నై పార్టీ ఫోన్ చేసి “మీ బిల్లు మీద ఐఆర్‌ఎన్ లేదు, క్యూఆర్ లేదు, డబ్బు ఆపాం” అన్నారు. ఐఆర్‌ఎన్ అంటే బిల్లును ప్రభుత్వ ఈ-ఇన్వాయిస్ పోర్టల్లో నమోదు చేస్తే అది ఇచ్చే నంబరు. మా టర్నోవర్ ఈ ఏడు మూడున్నర కోట్లు దాటదు, మాకెందుకండీ అన్నాను. వాళ్ల ఆడిటర్ పోర్టల్లో మా జీఎస్టీ నంబరు కొట్టి చూసి, మీకు వర్తిస్తుందనే చూపిస్తోంది అన్నాడట.

ఒకటి, ఇది నిజమేనా? రెండు, గ్నూక్యాష్ నుంచి ఈ-ఇన్వాయిస్ తీసే మార్గం ఎవరైనా చూశారా? సాఫ్ట్‌వేర్ మార్చడం మాత్రం ఇష్టం లేదు.

ఆడిట్_అక్క · సోమవారం రాత్రి 9:48

నిజమే. ఈ ఏటి టర్నోవర్ చూసి మోసపోయేవాళ్లు నా దగ్గరికి నెలకొకరైనా వస్తారు. 2017-18 నుంచి గడిచిన ఆర్థిక సంవత్సరాల్లో ఏ ఒక్క ఏడాది 5 కోట్లు దాటినా చాలు, తర్వాత పడిపోయినా మీరు అందులోనే ఉంటారు. అదీ ఒక్క కొట్టు లెక్క కాదు, ఒకే పాన్ మీద ఉన్న అన్ని రిజిస్ట్రేషన్లూ కలిపి. పన్ను లేని అమ్మకాలు కూడా కలుస్తాయి. రేటు బాగా పలికిన ఏడాది ఏదైనా ఉందేమో పాత పద్దు తిప్పి చూడండి.

2020 అక్టోబరులో 500 కోట్లు దాటినవాళ్లతో మొదలుపెట్టి దించుకుంటూ వచ్చారు. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు. తీయాల్సినవాళ్లు ఐఆర్‌ఎన్ లేకుండా ఇచ్చిన కాగితం చట్టం దృష్టిలో ఇన్వాయిసే కాదు. కొన్నవాడి ఐటీసీకి (కొనేటప్పుడు కట్టిన పన్నును తన పన్నులో తగ్గించుకునే వీలుకు) ఎసరొస్తుంది, అందుకే వాళ్లు డబ్బు ఆపారు. వాళ్ల మీద కోపగించుకోకండి.

బ్రాడీపేట_లెక్కలు · సోమవారం రాత్రి 10:31

తిప్పి చూశానక్కా. 2022-23లో 5 కోట్ల 60 లక్షలు. ఆ ఏడు వేరేవాళ్లు రాశారు, నేను ఆ పేజీ తెరవనే లేదు.

వస్త్రలత_బాబాయ్ · మంగళవారం ఉదయం 7:05

ఏమయ్యా, ఇంత తల నొప్పి దేనికి? ట్యాలీ కొనుక్కుంటే మీట నొక్కగానే ఐఆర్‌ఎన్ వస్తుంది. మా వన్‌టౌన్‌లో అందరూ అదే వాడేది. గుమాస్తా మానేసినా, తెల్లారేసరికి ట్యాలీ వచ్చినవాడు ఇంకొకడు దొరుకుతాడు. నీ గ్నూ ఏదో వచ్చినవాడు గుంటూరు జిల్లా మొత్తానికి నువ్వొక్కడివే అనుకుంటా.

పాతబస్టాండ్_పైథాన్ · మంగళవారం ఉదయం 8:20

ఇద్దరం బాబాయ్. నేనూ ఉన్నా.

బ్రాడీపేట గారూ, భయపడకండి. ఇన్వాయిస్ తయారీ మన ఇష్టం. పోర్టల్ అడిగేది ఒక్క జేసన్ ఫైలు (బిల్లు వివరాలు ఒక పద్ధతిలో రాసిన టెక్స్ట్ ఫైలు), దాని అచ్చు ఎలా ఉండాలో వాళ్లే బయట పెట్టారు. మన సాఫ్ట్‌వేర్‌ను నేరుగా పోర్టల్‌తో, అంటే ఏపీఐతో కలుపుకోవాలంటే మనలాంటివాళ్లం మధ్యవర్తి సంస్థ ద్వారా పోవాలి, దానికి డబ్బు. రోజుకు అయిదారు బిల్లులకు అంత అవసరం లేదు. జేసన్ ఫైలు తయారుచేసి పోర్టల్లో బల్క్ అప్‌లోడ్ చేస్తే ఐఆర్‌ఎన్, సంతకం చేసిన క్యూఆర్ రెండూ తిరిగొస్తాయి. అప్‌లోడుకు రుసుం లేదు.

మీ ఫైలు ఎక్స్‌ఎంఎల్‌లో ఉందా, ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లోనా? ఎస్‌క్యూలైట్‌లో దాచుకోండి. పైథాన్‌లో రాసిన చిన్న స్క్రిప్టుతో (ప్రోగ్రాముతో) చదివేయొచ్చు.

బ్రాడీపేట_లెక్కలు · మంగళవారం మధ్యాహ్నం 1:15

ఎస్‌క్యూలైట్‌కి మార్చాను. చిక్కేమిటంటే కస్టమర్ దగ్గర జీఎస్టీ నంబరుకు గడి లేదు, సరుకు దగ్గర హెచ్‌ఎస్‌ఎన్‌కీ (సరుకు రకాన్ని చెప్పే కోడుకు) లేదు. మన దేశం కోసం చేసింది కాదు కదా. ఇప్పటిదాకా నంబర్లు వేరే ఎక్సెల్‌లో రాసుకుంటున్నా.

పాతబస్టాండ్_పైథాన్ · మంగళవారం మధ్యాహ్నం 2:02

ఉన్న గడులనే వాడుకుందాం. కస్టమర్ నోట్స్‌లో మొదటి వరుస జీఎస్టీ నంబరు, రెండో వరుస పిన్ కోడ్. ఇంకేమీ రాయకూడదు, “మంచివాడు, కానీ లేటుగా ఇస్తాడు” లాంటివి అసలొద్దు :) బిల్లు వరుసల్లో యాక్షన్ అని ఒక గడి ఉంటుంది, గంటలు, సామగ్రి అంటూ. దాన్ని ఎవరూ వాడరు. అందులో హెచ్‌ఎస్‌ఎన్ వేయండి. ఎండుమిర్చి పొడి చేయనిదైతే 090421, కారం అయితే 090422.

జీఎస్టీ నంబరు 15 అక్షరాలే కదా అని కళ్లతో చూసి వదలకండి. మొదటి రెండు రాష్ట్రం, తర్వాతి పది పాన్, చివరిది సరిచూసుకునే అక్షరం. స్క్రిప్టు ఆ చివరిదాన్ని లెక్కగట్టి చూస్తుంది, టైపింగ్ తప్పులు అక్కడే దొరికిపోతాయి.

సాయంత్రానికి పంపుతా.

కృష్ణలంక_కుర్రాడు · మంగళవారం సాయంత్రం 4:40

ఇదంతా ఎందుకన్నా, ఈఆర్‌పీనెక్స్ట్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది కదా, అదీ ఓపెన్ సోర్సే. దాని మీద ఇండియా కంప్లయన్స్ అని యాప్ పెడితే ఈ-ఇన్వాయిస్, ఈ-వే బిల్లు (సరుకు రవాణా పత్రం), జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) అన్నీ అందులోనే. ప్రోగ్రాములు పంచుకునే గిట్‌హబ్ సైటులో చూడండి. గ్నూఖాతా కూడా ఉంది, మన దేశంలో తయారైందే.

ఆటోనగర్_స్పేర్స్ · మంగళవారం రాత్రి 8:55

తమ్ముడు చెప్పింది కరెక్టే, కానీ మేం వాడుతున్నాం కాబట్టి అసలు కథ చెప్తా. బెజవాడ ఆటోనగర్లో లారీ విడిభాగాల షాపు మాది. ఈఆర్‌పీనెక్స్ట్ పెట్టి మూడేళ్లు. బాగుంది. కానీ దాన్ని నడపడానికి ఒక సర్వరు, సర్వరును చూసుకునే ఒక మనిషి కావాలి. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మా బావమరిది దండం పెట్టుకుని మీట నొక్కుతాడు. ఏపీఐ ద్వారా వెళ్లే ప్రతి పిలుపుకూ క్రెడిట్లు కొనుక్కోవాలి, సాఫ్ట్‌వేర్ ఉచితమే, ఆ దారి ఉచితం కాదు. నాలుగు వేల రకాల సరుకున్న మాకు గిట్టుబాటు అయింది. ఒక్క మిర్చి అమ్మే కొట్టుకు అవుతుందా అంటే నాకు డౌటే.

దాని విలువ నాకు తెలిసొచ్చింది 2025 సెప్టెంబరు 22న. ఆ రోజు మా విడిభాగాల మీద పన్ను 28 నుంచి 18కి దిగింది. ఆదివారం రాత్రి కూర్చుని పన్ను టెంప్లేట్‌లో “ఈ తేదీ నుంచి” అని కొత్త రేటు పెట్టాం. పొద్దున షట్టరు తీసేసరికి అన్నీ 18తో బిల్లవుతున్నాయి. పక్క షాపువాళ్లు ఒక్కో ఐటెం తెరిచి మార్చుకుంటూ మధ్యాహ్నం దాకా బోణీ చేయలేదు.

అప్పుడు మేం చేసిన తప్పొకటుంది. పాత 28 టెంప్లేట్‌ను ఇంక పనేముందని తీసేశాం. అక్టోబరులో ఒక మెకానిక్ ఆగస్టులో కొన్న క్లచ్ ప్లేటు వెనక్కి తెచ్చాడు. క్రెడిట్ నోట్ వేద్దామంటే 18 తప్ప ఇంకోటి లేదు.

ఆడిట్_అక్క · మంగళవారం రాత్రి 9:20

అవును, సరుకు ఏ రేటుకు అమ్మారో క్రెడిట్ నోటూ ఆ రేటుకే. పాత రేట్లు తీసేయకండి, కొత్త బిల్లుల్లో కనబడకుండా దాచండి.

వస్త్రలత_బాబాయ్ · మంగళవారం రాత్రి 9:41

మా బాధ మీకు తెలియదు. రెడీమేడ్ అయితే పీసు 2,500 లోపు 5 శాతం, పైన 18. 2,600 చొక్కాకు 150 డిస్కౌంట్ ఇస్తే 2,450, అంటే 5లోకి వచ్చేస్తుంది. కుర్రాడు డిస్కౌంట్ ముందు కొట్టాడా తర్వాత కొట్టాడా అన్నదాన్ని బట్టి పన్నే మారిపోతోంది. దీనికి మీ ఉచితం దాంట్లో మందుందా?

ఆటోనగర్_స్పేర్స్ · మంగళవారం రాత్రి 10:03

ఉంది బాబాయ్. ఐటెం పన్ను దగ్గర కనిష్ఠ ధర, గరిష్ఠ ధర అని రెండు గడులున్నాయి. 2,500 వరకు ఒక టెంప్లేటు, ఆపైన ఇంకోటి తగిలిస్తే డిస్కౌంట్ పోగా వచ్చిన ధర చూసి అదే ఎంచుకుంటుంది. రేపు షాపుకు రండి, టీ తాగుతూ చూపిస్తా.

పాతబస్టాండ్_పైథాన్ · మంగళవారం రాత్రి 11:52

స్క్రిప్టు మెయిల్ చేశా. రెండు జాగ్రత్తలు.

గ్నూక్యాష్ డబ్బును దశాంశాల్లో దాచదు, భిన్నంగా దాస్తుంది. 14,250 అంటే లోపల 1425000, కింద 100. ఇది మంచి అలవాటు, పైసా కూడా జారదు. నేనూ చివరిదాకా భిన్నంగానే ఉంచి ఆఖర్న మాత్రమే పైసలకు సవరించా. అదీ పైథాన్ మామూలు రౌండ్‌తో కాదు. అది సరిగ్గా సగం వస్తే సరి అంకె వైపు తిప్పుతుంది. 1,001 రూపాయల సరుకు బెజవాడ పార్టీకి అమ్మారనుకోండి, సీజీఎస్టీ (రాష్ట్రంలోపలి అమ్మకం మీద కేంద్రం వాటా) రెండున్నర శాతం 25.025. మనం 25.03 రాస్తాం, పైథాన్‌ను దాని మానాన వదిలేస్తే 25.02 అంటుంది.

రెండోది తేదీ. మీ ఫైల్లో పాత బిల్లులు కొన్నింటికి తేదీ ముందు రోజు 18:30 అని ఉంది. మన అర్ధరాత్రిని గ్రీన్‌విచ్ కాలంలోకి మార్చి దాచిందన్నమాట. అయిదున్నర గంటలు కలపకపోతే 1వ తేదీ బిల్లు కిందటి నెలలోకి పోతుంది. కలిపా.

బ్రాడీపేట_లెక్కలు · బుధవారం మధ్యాహ్నం 12:30

అప్‌లోడ్ చేశా. ఏడు బిల్లులు పెడితే ఏడూ తిరగ్గొట్టింది. ఒక్కొక్కటీ చెప్తా, వెనకొచ్చేవాళ్లకు పనికొస్తుంది.

మొదటిది మా బిల్లు నంబరు. జీఎన్‌టీ/ఎంఐఆర్/2025-26/0123 అని కొట్టుకుంటూ వచ్చాం. ఇంగ్లిషు అక్షరాలు లెక్కపెడితే గీతలతో కలిపి 20. పదహారు దాటకూడదట. జీ/25-26/0123 చేశాను, 12కి వచ్చింది.

రెండోది రాష్ట్రం కోడు. పైథాన్ గారూ, ఈ తప్పు మీదే :) మీ పట్టికలో ఆంధ్రప్రదేశ్ అంటే 28 అని ఉంది. అది విభజనకు ముందుది. మనది 37. మా నంబరు 37తో మొదలవుతోంది, లోపల రాష్ట్రం 28 అంటోంది, పోర్టల్‌కు ఒళ్లు మండింది.

మూడోది అసలు మజా. మిర్చి బేరం టిక్కీల్లో (బస్తాల్లో), ధర క్వింటాకు, కాటా కిలోల్లో. నేను బిల్లులో 47 టిక్కీలు అని వేసి, ధర గడిలో క్వింటా రేటు 14,250 పెట్టి, మొత్తం మాత్రం చేత్తో సరిచేసి రాసేవాణ్ణి. కాగితం మీద మూడేళ్లు ఎవరూ అడగలేదు. 47ను 14,250తో గుణిస్తే ఆరు లక్షల డెబ్బై వేలు, బిల్లేమో రెండు లక్షల డెబ్బై వేల లోపు. యంత్రం ఒప్పుకుంటుందా? యూనిట్ క్వింటా చేసి 18.935 వేశాను. 2,69,823.75 వచ్చింది. 5 శాతం ఐజీఎస్టీ (వేరే రాష్ట్రానికి అమ్మితే పడే పన్ను) 13,491.19. మొత్తం 2,83,314.94, ఆరు పైసలు రౌండాఫ్ గడిలో వేసి 2,83,315. టిక్కీల లెక్క వివరణలో రాశా, హమాలీలకు అది కావాలి కదా.

పాతబస్టాండ్_పైథాన్ · బుధవారం మధ్యాహ్నం 12:58

28 విషయంలో సారీ. ఎక్కడో పాత పట్టిక దొరికితే అతికించేశా. తెలుగువాణ్ణయ్యుండి ఆ తప్పు చేయడం... సరిచేశా.

కృష్ణలంక_కుర్రాడు · బుధవారం సాయంత్రం 5:10

బ్రాడీపేట అన్నా, పోర్టల్ యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇస్తే ఒక వెబ్‌సైట్ ఇదంతా ఫ్రీగా చేసిపెడుతుంది. లింక్ ఇవ్వనా?

నిర్వాహకుడు · బుధవారం సాయంత్రం 5:25

ఇవ్వొద్దు. క్లయింటు పాస్‌వర్డ్ బయటి సైటులో కొట్టించే లింకులు ఈ వేదికలో తీసేస్తాం. ఇది ముందే పెట్టుకున్న నియమం.

ఆడిట్_అక్క · బుధవారం రాత్రి 8:14

పాస్‌వర్డ్ ఉన్నా ఇప్పుడు ఓటీపీ లేనిదే పోర్టల్ తెరుచుకోదు. 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ అంతే. మీరు ఓటీపీ ఎవరి ఫోన్‌కు తెప్పించుకుంటున్నారు?

బ్రాడీపేట_లెక్కలు · బుధవారం రాత్రి 8:30

అదే గొడవక్కా. ఓనరు గారి ఫోన్‌కు పోతోంది. ఆయన యార్డులో బేరం మీద ఉంటే ఫోన్ ఎత్తరు. ఎత్తినా “ఏ నంబరయ్యా, బ్యాంకుదా?” అంటారు. ఈలోపు దాని టైం అయిపోతుంది. ఇవాళ నాలుగుసార్లు.

ఆడిట్_అక్క · బుధవారం రాత్రి 8:36

సబ్‌యూజర్‌గా మీ పేరు, మీ మొబైల్ చేర్పించుకోండి. ఓటీపీ మీకే వస్తుంది. ఏ బిల్లు ఎవరు తీశారో విడిగా తెలుస్తుంది కూడా. ఓనరు పక్కన కూర్చుని ఒక్కసారి చేస్తే చాలు.

ఇంకో రెండు మాటలు. ఈ-ఇన్వాయిస్ తీసిన బిల్లులు ఒకటి రెండు రోజుల్లో జీఎస్టీఆర్-1లోకి వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. అలవాటు కొద్దీ వాటినే మళ్లీ ఆఫ్‌లైన్ టూల్‌తో ఎక్కించకండి. మీరు ఎక్కించింది పాతదాన్ని తుడిచేస్తే ఐఆర్‌ఎన్ గుర్తు పోతుంది. రిజిస్ట్రేషన్ లేని కస్టమర్ల అమ్మకాలు మాత్రమే మీరు చేర్చాలి.

పాత బిల్లులకు ఐఆర్‌ఎన్ తీయొచ్చా అని అడగబోతున్నారు కదా. 10 కోట్లు, ఆపైన టర్నోవర్ ఉన్నవాళ్లకు బిల్లు తేదీ నుంచి 30 రోజుల గడువుంది, 2025 ఏప్రిల్ నుంచి. మీకు ఆ గడువు లేదు. కానీ రిటర్న్ వేసేసిన నెలల సంగతి వేరు, అది ఇక్కడ తేలేది కాదు. ఫైళ్లు పట్టుకుని మీ ఆడిటర్ దగ్గర కూర్చోండి.

ఆటోనగర్_స్పేర్స్ · బుధవారం రాత్రి 9:02

అక్కా, మా బావమరిది వాళ్లది ప్రైవేట్ లిమిటెడ్. గ్నూక్యాష్ పెట్టుకోవచ్చా?

ఆడిట్_అక్క · బుధవారం రాత్రి 9:15

వద్దు. కంపెనీలకు 2023 ఏప్రిల్ 1 నుంచి ఎడిట్ లాగ్ ఉన్న సాఫ్ట్‌వేరే వాడాలి. ఏ ఎంట్రీ ఎప్పుడు మారిందో నిలవాలి, ఆ లాగ్‌ను ఆపేసే వీలుండకూడదు. గ్నూక్యాష్‌లో పాత ఎంట్రీ తెరిచి అంకె మార్చేసి మూసేయొచ్చు. మిర్చి కొట్టు సొంత వ్యాపారం కాబట్టి ఆ నియమం వర్తించదు. ఈఆర్‌పీనెక్స్ట్‌లో సబ్‌మిట్ చేసిన బిల్లు రద్దు చేసి మళ్లీ రాయాల్సిందే. అయినా సర్వరు మీ చేతిలోనే ఉంది, డేటాబేస్‌లోకి నేరుగా దూరి మార్చే తాళం ఎవరి దగ్గరుందని ఆడిటర్ అడుగుతాడు. సమాధానం సిద్ధంగా పెట్టుకోండి.

వస్త్రలత_బాబాయ్ · గురువారం ఉదయం 6:50

నిన్న ఆటోనగర్ వెళ్లొచ్చా. చొక్కా ముక్క నిజంగానే పనిచేస్తోంది. టీ మాత్రం బాలేదు.

కానీ నా ప్రశ్న అలాగే ఉంది. బ్రాడీపేట అబ్బాయ్, రేపు నీకు హైదరాబాదులో మంచి ఉద్యోగం వస్తుంది. వెళ్లిపోతావు. యాక్షన్ గడిలో హెచ్‌ఎస్‌ఎన్ ఉంటుందని, నోట్స్‌లో మొదటి వరుస జీఎస్టీ నంబరని ఆ ఓనరుకు ఎవరు చెప్తారు?

బ్రాడీపేట_లెక్కలు · గురువారం ఉదయం 9:35

బాబాయ్, దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు, ఒప్పుకుంటున్నా. రాత్రి కూర్చుని రెండు పేజీలు తెలుగులో రాశా. ఏ గడిలో ఏముంటుంది, స్క్రిప్టు ఎక్కడుంది, రేటు మారితే ఏ వరుస మార్చాలి, సబ్‌యూజర్ ఎలా మార్చుకోవాలి. ప్రింటు తీసి కొట్టులో వెంకన్న బాబు పటం వెనక పెట్టించా. ఓనరు గారు ఏ కాగితం పోకూడదనుకున్నా అక్కడే పెడతారు.

పాతబస్టాండ్_పైథాన్ · గురువారం ఉదయం 10:10

స్క్రిప్టు గిట్‌హబ్‌లో పెట్టేశా, జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కిందే. పేర్లు, నంబర్లు అన్నీ తీసేసి ఉత్తుత్తి పార్టీలు పెట్టా. ఇప్పుడు గుంటూరు జిల్లాలో ఇద్దరం కాదు బాబాయ్, ఎవరైనా చూసుకోవచ్చు.

బ్రాడీపేట_లెక్కలు · శుక్రవారం రాత్రి 10:20

ఏడుకు ఏడూ వచ్చాయి. 64 అక్షరాల ఐఆర్‌ఎన్ చూసి ఓనరు గారు “ఇంత పొడుగు నంబరు రాసుకునేదెవరు” అన్నారు.

ఒకటి దెబ్బతింది. కాటా చీటీలో 1,893 ఉంటే ఒక బిల్లులో 1,983 కొట్టా. గురువారం సాయంత్రం తీసిన ఐఆర్‌ఎన్, ఇవాళ మధ్యాహ్నం డ్రైవరు ఫోన్ చేసి చెప్పాడు. 24 గంటల్లోపే కాబట్టి పోర్టల్లో రద్దు చేశా. సరిచేసి అదే నంబరుతో మళ్లీ పెడితే పోర్టల్ తిరగ్గొట్టింది. రద్దైనా ఆ నంబరు ఇంక వాడకూడదట. కొత్త నంబరుతో తీశా, గ్నూక్యాష్‌లో పాతదాన్ని రద్దు అని రాసి సున్నా చేశా.

చివరి తంటా ప్రింటరు. కొట్టులో ఉన్నది పాత డాట్ మ్యాట్రిక్స్. క్యూఆర్‌లో సంతకం చేసిన డేటా అంతా కుక్కి ఉంటుంది కదా, చుక్కలు చాలా సన్నం. ఈ ప్రింటరులో అది నల్లటి బొగ్గు ముక్కలా వచ్చింది. చెన్నైవాళ్లు ఫోన్ పెట్టి ఎంత తిప్పినా స్కాన్ కాలేదు. ఎదురు కొట్టులో లేజర్‌లో తీయించి పంపితే అయింది. సోమవారం డబ్బు వేస్తామన్నారు. లేజర్ ప్రింటరు కొనాలంటే ఓనరు గారు “ఉచితం అన్నావు కదయ్యా” అంటున్నారు.

ఆటోనగర్_స్పేర్స్ · శుక్రవారం రాత్రి 10:41

మా దగ్గర పాత లేజర్ ఒకటి పడుంది. డ్రమ్ మార్పించుకుంటే పనిచేస్తుంది. ఆదివారం బెజవాడ వస్తే పట్టుకుపోండి. బాబాయ్‌ని కూడా రమ్మనండి, ఈసారి టీ బయట తాగుదాం.